హెడ్మాస్టర్ల కంప్యూటర్ భయం

అయ్యా,

బడుల వివరాలు సేకరించే కేంద్ర ప్రభుత్వ పోర్టల్ యూడైస్ ప్లస్‌లో 2022-23 నుంచి విద్యార్థివారీ వివరాలు ఎక్కించాల్సి వచ్చాక హైస్కూలు హెడ్మాస్టర్లకు కంప్యూటర్ తప్పని పనైంది. వాళ్ల బెదురుకు వయసు కంటే పట్టికలు తయారుచేసే ఎక్సెల్ సాఫ్ట్‌వేర్ చేసే చిత్రవిచిత్రాలే ఎక్కువ కారణం. 12 అంకెల ఆధార్ నంబరు కొట్టగానే ‘2.34E+11’ అని కనిపిస్తే ఎవరికైనా గుండె జారుతుంది. నిజానికి నంబరు పోలేదు, కనిపించే తీరే మారింది. 16 అంకెల బ్యాంకు ఖాతా అయితే మాత్రం నిజంగానే చెడుతుంది: ఎక్సెల్ 15 అంకెలే ఉంచుకుని చివరిదాన్ని సున్నా చేస్తుంది. మొదట్లో ఉండే సున్నాలూ ఎగిరిపోతాయి. నంబర్లు కొట్టకముందే ఆ నిలువు వరుసను ‘టెక్స్ట్’ ఫార్మాట్‌లోకి మార్చాలి. తర్వాత మార్చితే పోయిన అంకెలు తిరిగిరావు.

పుట్టిన తేదీలది ఇంకో తంటా. కంప్యూటర్‌లో ఏ దేశపు పద్ధతో చెప్పే రీజియన్ సెట్టింగ్ అమెరికాదైతే, జూన్ 5 అనుకుని కొట్టిన 05/06/2011 మే 6 అయిపోతుంది. 13వ నెల ఉండదు కాబట్టి 13, ఆపై రోజులు తేదీగా మారక గడిలో ఎడమవైపే అంటుకుంటాయి; పట్టుకోవడానికి అదే గుర్తు.

స్లయిడ్లు చూపే శిక్షణతో ఇవి రావు. ఉత్తుత్తి పేర్లతో షీటు ఇచ్చి, తప్పులు చేయనిచ్చి, కంట్రోల్ జెడ్‌తో వెనక్కి రావడం నేర్పాలి. లేకుంటే పాస్‌వర్డ్ చీటీ నెట్ సెంటర్ కుర్రాడి చేతికి, పిల్లల ఆధార్ నంబర్లు అతని పెన్‌డ్రైవ్‌లోకి!

– కొందరు కంప్యూటర్ శిక్షకులు, గుంటూరు