ఆ బీరువాలో ఇద్దరికి చోటుంది

బాపట్ల,
ఆదివారం సాయంత్రం

చి. బుజ్జికి అమ్మ దీవించి రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. నాన్నకి మోకాలి నొప్పి తగ్గింది, మళ్లీ పొద్దున్నే నడకకి వెళ్తున్నారు.

నువ్వు స్టీవ్‌స్టన్ వెళ్లి తీసిన ఫోటోలు అందాయి. మాంక్టన్ స్ట్రీట్‌లో నిలబడి తీయించుకున్నదాన్ని పెద్దది చేసి చాలాసేపు చూశాను. మనం చూసిన వన్స్ అపాన్ ఎ టైమ్ సీరియల్లో స్టోరీబ్రూక్ ఊరు అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రంలో ఉంటుంది కదా, తీసిందేమో ఖండానికి ఆ చివర, మీ వాంకూవర్ పక్కన, ఫ్రేజర్ నది సముద్రంలో కలిసే చోట, చేపల పడవల రేవులో. ఎప్పుడూ వెళ్లని వీధి అయినా మన వీధంత అలవాటైపోయింది నాకు.

ఫోటోల కింద నువ్వు రాసిన మాట మాత్రం నన్ను పట్టుకుని వదలడం లేదు. "అమ్మా, ఇక్కడ నిలబడి చెప్తున్నా, జెపెట్టోది తప్పే" అన్నావు, ఆ సీరియల్లోని పినోకియో తండ్రి గురించి. తర్వాత ఫోన్ చేసినప్పుడు నేను మాట మార్చి, అక్కడ చలి ఎలా ఉందని అడిగాను. నువ్వు గమనించావో లేదో. ఆ మాటకి జవాబు నీ మొహం చూస్తూ చెప్పలేను. అందుకే కాగితం తీసుకుని కూర్చున్నాను.

నిన్న అటక మీది సామాను దించుతుంటే ఆ లాంగ్ నోట్‌బుక్ దొరికింది. ముందువైపు పాల లెక్కలు, తిరగేస్తే నీ రాత. మధ్యలో నిలువుగా గీత కొట్టి ఒక పక్క 'అక్కడ', ఒక పక్క 'ఇక్కడ' అని పెట్టుకున్నావు. మాయా అడవిలో ఎవరు ఏం చేశారు, రాణి శాపం పడి అన్నీ మరిచిపోయి స్టోరీబ్రూక్‌లో ఏ పేరుతో తిరుగుతున్నారు, అన్నీ వరసగా. ప్రతి పేరుకీ ఎదురుగా ఎర్ర పెన్నుతో 'ఎందుకు?' అని. ఒక పేజీకి చింతపండు పీచు అతుక్కుని ఎండిపోయి ఉంది.

2020 వేసవి అది. కాలేజీ మూసేసి మిమ్మల్ని ఇళ్లకి పంపేశారు. రాత్రి భోజనాలయ్యాక డాబా మీద చాప పరిచి, పీట మీద లాప్‌టాప్ పెట్టేదానివి. నేను ముందర పళ్లెం పెట్టుకుని కొత్త చింతపండు గింజలు తీసేదాన్ని. వన్స్ అపాన్ ఎ టైమ్ అంటే చిన్నపిల్లల కథేదో అనుకుని కూర్చున్నాను. మూడో రోజుకే టెన్షన్ పట్టుకుంది. నువ్వు ఐదు నిమిషాలకోసారి ఆపి వాళ్లేమన్నారో తెలుగులో చెప్పేదానివి, చెప్పాక ఇద్దరం వాదించుకునేవాళ్లం. 40 నిమిషాల ఎపిసోడ్‌కి రెండు గంటలు పట్టేది. మొదటి సీజన్ 22 ఎపిసోడ్లు అయ్యేసరికి చింతపండంతా జాడీల్లోకి ఎక్కింది.

మన మొదటి పెద్ద గొడవ ఆ శాపం వేసిన దుష్టరాణి రెజీనా గురించి. ఆమెకి నోట్‌బుక్‌లో నాలుగు పేజీలు ఇచ్చావు. పడుచుపిల్లగా ఉన్నప్పుడు గుర్రాలశాలలో పనిచేసే డేనియల్‌ని ప్రేమించింది. ఆ రహస్యం చిన్నపిల్ల స్నో వైట్‌కి తెలిసింది, ఎవరికీ చెప్పనని మాటిచ్చింది. రెజీనా తల్లి కోరా తీయగా మాట్లాడి ఆ పిల్ల నోట్లోంచి సంగతి లాగేసింది. డేనియల్ గుండె పెరికి పిడికిట్లో నలిపి బూడిద చేసింది. నువ్వు సూటిగా అడిగావు: నలిపింది తల్లి, పగ పట్టింది పసిదాని మీద, ఇందులో లాజిక్ ఎక్కడుంది? అత్త మీద కోపం దుత్త మీద అన్నాను నేను. నువ్వు ఒప్పుకోలేదు. తల్లిని కూడా అద్దంలోంచి వేరే లోకంలోకి తోసేసిందిగా, తల్లి మీద కోపం చూపించగలిగిన మనిషే కదా, మరి అక్కడితో ఎందుకు ఆగలేదు అన్నావు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు కాఫీ దగ్గర నీకు చెప్పిన మాట ఇప్పటికీ నమ్ముతాను. తల్లి ఎలాంటిదో రెజీనాకి చిన్నప్పటినుంచీ తెలుసు. స్నోని మాత్రం నమ్మింది. కరుస్తుందని తెలిసిన పాము కరిస్తే ఒక రకం, ఒళ్లో కూర్చోబెట్టుకున్న పిల్ల వల్ల కొంప మునిగితే ఇంకో రకం. పైగా స్నో చెడ్డబుద్ధితో చెప్పలేదు. తనకి తల్లి పోయింది, రెజీనా కూడా తల్లికి దూరం కాకూడదని చెప్పింది. మంచి మనసుతో చేసిన పని వల్ల నష్టపోతే ఎవరిని తిట్టుకోవాలో తెలియదు. ఆ తెలియకపోవడమే రెజీనాని తినేసింది. దీనికి నువ్వు టిక్కు పెట్టి, పక్కనే 'అయినా గ్రాహం?' అని రాశావు. ఊరి షెరీఫ్ గ్రాహం గుండె పెట్టెలో దాచుకుని అతన్ని తోలుబొమ్మలా ఆడించి, చివరికి చంపేసిన మనిషిని తర్వాతి సీజన్లలో మంచిదాన్ని చేశారు. గ్రాహం లెక్క మాత్రం ఎవరూ గట్టిగా అడగలేదు. రెజీనా అభిమానులు తమని ఈవిల్ రీగల్స్ అని పిలుచుకుంటారని, ఈ ఒక్క ప్రశ్న దగ్గరే వాళ్లతో గొడవలు అవుతాయని నువ్వే చెప్పావు. నా దగ్గరా జవాబు లేదు.

గుండెలు తీసి పెట్టెల్లో దాచడం నీకు వింతగా ఉండేది. మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉందని వింటూ పెరిగినదాన్ని, నాకు అందులో వింతేమీ లేదు. కానీ కోరా తన గుండె తానే తీసి దాచుకుంది చూడు, చావు రాకుండా కాదు, ప్రేమ అడ్డు రాకుండా. అంత పని మాయల ఫకీరుకి కూడా తోచలేదు.

కథలో అతుకులు పట్టుకోవడంలో నువ్వు ఘటికురాలివి. శాపం పడ్డ ఊళ్లో 28 ఏళ్లు ఎవరికీ వయసు పెరగదు, రెజీనా బయటినుంచి దత్తత తెచ్చుకున్న హెన్రీ ఒక్కడే పెరుగుతాడు. మిగతా పిల్లలు అదే తరగతిలో ఉండిపోయి వీడు మాత్రం ఏటేటా పైకి వెళ్తుంటే ఎవరికీ అనుమానం రాదా అన్నావు. అనుమానం రాకపోవడమే శాపం అన్నాను. అది తప్పించుకునే జవాబని నాకు అప్పుడే తెలుసు.

మాంత్రికుడు రంపుల్‌స్టిల్ట్‌స్కిన్ దగ్గర మాత్రం నువ్వు ఏడ్చావు. మొదటి సీజన్లో అతను యుద్ధం నుంచి పారిపోయిన పిరికివాడు. రెండో సీజన్లో అదే సంగతి ఇంకో వైపునుంచి చూపించారు. రేపు యుద్ధంలో నువ్వు చేసే పని వల్ల నీ కొడుకు తండ్రి లేనివాడవుతాడని జోస్యం చెప్తే, చచ్చిపోతానేమోనని భయపడి, సుత్తితో తన కాలు తానే విరగ్గొట్టుకుని, పుట్టిన బిడ్డ దగ్గరికి కుంటుకుంటూ వచ్చాడు. అంత చేసినవాడు తర్వాత కొడుకు వేరే లోకంలోకి జారిపోతుంటే భయంతో చెయ్యి వదిలేశాడు. ఊరిమీద శాపం వేసింది రెజీనా, ఆ శాపాన్ని తయారుచేసి ఆమె చేతిలో పెట్టింది ఇతనే. కొడుకుని వెతుక్కుంటూ వెళ్లడానికి ఒక లోకాన్నే కూల్చేశాడు.

నిన్న ఆ పేజీలు తిప్పుతుంటే ఒకటి కనబడింది బుజ్జీ. నీ 'ఎందుకు?'లకి ఎదురుగా నేను చెప్పి నీచేత రాయించిన జవాబులు. రంపుల్: కొడుకు కోసం. కోరా: కూతురు రాణి కావాలని. జెపెట్టో: కొడుకు కోసం. ఎక్కడ చూసినా అదే. ఆ మాట అనేస్తే ఇక అడగడానికి ఏమీ మిగలదన్నట్టు రాయించాను.

జెపెట్టో సంగతి నీకు గుర్తుంది, అయినా రాస్తాను, రాస్తేగానీ మిగతాది రాయలేను. శాపం రాబోతోంది. మంత్రపు చెట్టు ఒక్కటే మిగిలింది. దానితో బీరువా చేస్తే అందులో ఎక్కినవాళ్లు శాపం తగలని లోకానికి వెళ్లిపోతారు. చెయ్యగలిగిన వడ్రంగి జెపెట్టో ఒక్కడే. బీరువాలో ఇద్దరికి చోటుంది. కానీ శాపం మంత్రం లేని లోకంలోకి ఈడ్చుకుపోతే తన కొడుకు పినోకియో మళ్లీ చెక్కబొమ్మ అయిపోతాడేమోనని భయపడ్డాడు. రెండో చోటు వాడికిస్తేనే చేస్తానని పట్టుబట్టి, నీలి దేవతచేత 'ఒక్కరికే చోటు' అని అబద్ధం చెప్పించాడు. కడుపుతో ఉన్న స్నో ఎక్కాలనుకుంటే, తీరా ముందే ప్రసవించింది. పినోకియో ఆగితే తల్లీబిడ్డా కలిసి వెళ్లేవాళ్లు. ఆపలేదు, కొడుకుని ముందే ఎక్కించేశాడు. పుట్టి కొన్ని నిమిషాలైనా కాని ఆమె కూతురు ఎమ్మాని ఒంటరిగా ఆ చెక్కల మధ్య పడుకోబెట్టి తలుపేశారు. ఆ బిడ్డని చూసుకోమని పంపిన పినోకియో కూడా ఏడేళ్లవాడే, కొన్నాళ్లకి వదిలేసి వెళ్లిపోయాడు.

నువ్వు ఆ రాత్రి ఎంత కోపంగా ఉన్నావో. నేను జెపెట్టో పక్షాన ఎంత మొండిగా నిలబడ్డానో కూడా గుర్తుండే ఉంటుంది. వాడి బిడ్డ చెక్క అయిపోతుంటే ఊరుకోవాలా, ఎమ్మా చివరికి బాగానే ఉంది కదా అన్నాను. నువ్వన్నది నోట్‌బుక్‌లో పెద్ద అక్షరాలతో ఉంది: 'ఆ 28 ఏళ్లు ఎవరిస్తారు?'

ఇక అసలు సంగతి.

2016లో నీ పదో తరగతి అయ్యాక, పిల్లని నా దగ్గర ఉంచి ఇంటర్ చదివించు వదినా అని విజయవాడనుంచి మీ అత్తయ్య అడిగింది. ఆ వారంలోనే రేపల్లె నుంచి పెద్దమ్మ ఫోన్ చేసింది. తన కూతుర్ని, మీ అక్కని కూడా అక్కడ ఉంచడానికి కుదురుతుందేమో కనుక్కోమంది. కనుక్కున్నాను. మీ అత్తయ్య ఒక్క క్షణం ఆలోచించలేదు. 'దానికేం వదినా, ఇద్దరూ ఒక గదిలో ఉంటారు, ఒకరికొకరు తోడు' అంది. నేను పెద్దమ్మకి ఫోన్ చేసి, 'వాళ్లింట్లో ఒక్కరికే చోటుందట అక్కా' అన్నాను.

అచ్చంగా ఆ మాటే, బుజ్జీ.

ఇద్దరు ఆడపిల్లల బాధ్యత అంటే ఆర్నెల్లకి మీ అత్తయ్యకి విసుగొచ్చి ఇద్దర్నీ పంపేస్తుందేమోనని భయపడ్డాను. ఇద్దరూ కలిస్తే కబుర్లలో పడి నీ చదువు సాగదనుకున్నాను. మూడోది కూడా ఉంది. అక్క నీకంటే బాగా చదివేది. పక్కపక్కన కూర్చుంటే నువ్వు చిన్నబోతావని, చిన్నబోయి వదిలేస్తావని అనుకున్నాను. ఈ మూడో దాన్ని నాన్నకి కూడా ఇప్పటిదాకా చెప్పలేదు.

పెద్దమ్మ ఇంకో ప్రశ్న అడగలేదు. నిన్ను విజయవాడ పంపే రోజు అరిసెలు చేసి, స్టీలు డబ్బాలో పెట్టుకుని బస్సులో తెచ్చింది. నీ పక్కన అక్క నిలబడి నీ పెట్టె తాళం సరిగ్గా పడుతోందో లేదో రెండుసార్లు లాగి చూసింది. అక్క రేపల్లెలోనే చదువుకుంది. ఇప్పుడు బాగానే ఉంది, అల్లుడు మంచివాడు, ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నది ఇదే.

నాలుగో సీజన్లో డ్రాగన్ గుడ్డు సంగతి వచ్చినప్పుడు నువ్వు లాప్‌టాప్ మూసేశావు. కడుపులో ఉన్న ఎమ్మాకి చెడు అంటకూడదని స్నో, ఆమె భర్త ప్రిన్స్ చార్మింగ్ కలిసి మంత్రగత్తె మలెఫిసెంట్ గుడ్డు ఎత్తుకొచ్చారు, ఆ చెడంతా అందులోకి పంపించేశారు. లోపల ఉన్నది డ్రాగన్ పిల్లే కదా అనుకున్నారు. ఉన్నది ఆడపిల్ల. రాసేవాళ్లు కథ సాగదీయడానికి మంచి పాత్రల్ని చెడగొట్టారని, స్నో అలాంటి పని చెయ్యదని నువ్వు గంటసేపు తిట్టావు. నేను ఏమీ అనలేదు. స్నో చేస్తుంది, అది ఆమె స్వభావానికి విరుద్ధమేమీ కాదు అని నాకు తెలుసు. తన బిడ్డ ముందు నిలబడ్డ తల్లికి అవతలి గుడ్డులో ఏముందో చూడాలనిపించదు. ఆ వాదన గెలవాలంటే నేను రేపల్లె సంగతి చెప్పాలి. అందుకే ఊరుకున్నాను.

రెండో సీజన్లో ఇంకో సీను ఉంది. స్టోరీబ్రూక్‌లో మార్కో పేరుతో ఉన్న జెపెట్టో స్నో దగ్గరికి వచ్చి, బీరువాలో ఇద్దరికి చోటుండేది, నేను అబద్ధం చెప్పాను అని ఒప్పేసుకుంటాడు. ఆమె చెంప చెళ్లుమనిపించి, ఆ వెంటనే తనే క్షమించమంటుంది. అప్పుడు నేను మంచినీళ్లకని కిందకి వెళ్లాను. నువ్వు ఆపి ఉంచుతానన్నా వద్దన్నాను. నీళ్లు తాగలేదు, వంటింట్లో దీపం వెయ్యకుండా నిలబడ్డాను. నిన్న నోట్‌బుక్ దొరికాక ఆ ఒక్క సీను ఫోన్‌లో వెతికి చూశాను. ముసలాయన గొంతు వణుకుతుంది, కానీ నా కొడుకు కోసం అని సాకు చెప్పడం దగ్గర ఆగిపోడు. తప్పు చేశానని కూడా అంటాడు.

జెపెట్టో పేరుకి ఎదురుగా నేను రాయించిన జవాబు కొట్టేశాను. నీదే సరి.

నీకు కోపం వస్తే రానీ. ఆ రెండేళ్లు విజయవాడలో రాత్రిళ్లు ఒక్కదానివే భయమేస్తోందని ఫోన్ చేసేదానివి, గుర్తుందా? తోడు ఉండాల్సిన మనిషిని నేనే లేకుండా చేశానని నీకు తెలియాలి. నువ్వు కష్టపడి చదివింది నీదే, అందులో ఎవరి వాటా లేదు. అబద్ధం నాది.

గురువారం పొద్దున్న బస్సుకి రేపల్లె వెళ్తున్నాను. అక్క కూడా ఆ రోజు పుట్టింట్లోనే ఉంటానంది. నాన్న వస్తానన్నారు, వద్దన్నాను. పెద్దమ్మ ఏమంటుందో తెలియదు. నువ్వు ముందుగా ఫోన్ చేసి అక్కకి ఏమీ చెప్పకు. మొదట నా నోటినుంచే వినాలి.

అమ్మ