వాన చెరిపిన పలకల మీద మళ్లీ రాసినవారికి

దర్శి బస్టాండు దగ్గర పదిహేను రోజులు నిలిచిన పలకల పందిరిని నిన్న సాయంత్రం విప్పేశాం. ఆఖరి పలక దించేసరికి చీకటి పడింది. ఎదురుగా నిలబడి చెప్పాల్సిన మాటలు కొన్ని గొంతులోనే ఉండిపోయాయి. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నేను చేసేది కాన్సెప్చువల్ ఆర్ట్. ఇందులో బొమ్మ నగిషీ కంటే దాని వెనక ఆలోచన ముఖ్యం. నలుగురు తిరిగే చోట ఒక పని పెట్టి, ఆ నలుగురినీ అందులోకి పిలుస్తాను. ఈసారి మార్కాపురం రాతి పలకలు 300 తెచ్చి, ఇనుప చట్రానికి గోడలా కట్టి, పక్కన బలపాలు ఉంచాను. ‘ఈ రోజు మీ ఇంట్లో తాగిన నీళ్లు ఎక్కడివి? ఎంత ఖర్చయింది?’ అని పైన రాశాను. దారిన పోయేవారు జవాబు రాయాలి, మర్నాడు దాన్ని చెరిపి కొత్తది రాయాలి.

ఈ ప్రశ్న మా ఇంట్లోనే పుట్టింది. మా నాయనమ్మ మెడ తిప్పలేకపోయేది. పిలిస్తే మనిషి మొత్తంగా తిరిగి చూసేది. ఆమె ఈడువాళ్లు ఊళ్లో చాలామంది అలాగే ఉండేవారు కాబట్టి, వయసు మీద పడితే అందరూ అంతేనని చిన్నప్పుడు అనుకునేదాన్ని. మన దేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్ (తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) గురించి శాస్త్రవేత్తలు తొలిసారిగా రాసింది 1937లో. అది ఈ ప్రాంతాన్ని చూసే, అప్పట్లో ఇది నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970లో కొత్త జిల్లా ఏర్పడింది. కాగితాల మీద జిల్లా మారినా బోరులో నీళ్లు మారలేదు. రాతిలోని ఫ్లోరైడ్ కరిగి నీళ్లలో కలుస్తూనే ఉంది. సాగర్ కుడి కాలువ నీళ్లు అందే ఊళ్ల బతుకు వేరు, బోరునే నమ్ముకున్న ఊళ్ల బతుకు వేరు.

ముందుగా మార్కాపురంలోని పలకల షెడ్డు పెద్దాయనకు నమస్కారం. కాగితం పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక రాతి పలకకు గిరాకీ ఎలా పడిపోయిందో ఆయన గంటసేపు చెప్పారు. పలకరాయి పొరలు పొరలుగా ఉంటుంది. బెజ్జం వేసేటప్పుడు నొక్కితే పొర లేచిపోతుంది. నీటి చుక్కలు వేస్తూ, చేతి బరువు పడకుండా ఎలా తిప్పాలో రెండు రోజులు నా పక్కన కూర్చుని నేర్పారు. ఆయన దగ్గర నేర్చుకోకపోతే సగం పలకలు నా చేతుల్లోనే పోయేవి.

అనుకున్న చోటికి అనుమతి ఆఖరి రోజున రద్దయింది. ఆ సంగతి తవ్వుకోను. టీ కొట్టు అక్క తన కొట్టు పక్కనున్న సొంత జాగా చూపించి, “ఇక్కడ పెట్టుకో అమ్మాయీ, కరెంటు కూడా నాదే తీసుకో” అన్నారు. నా పని ఏమిటో అప్పటికి ఆమెకు చెప్పనేలేదు.

నాలుగో రాత్రి గాలివాన వచ్చింది. తెల్లవారి వెళ్లి చూస్తే చట్రం ఒక పక్కకు ఒరిగి ఉంది. 41 పలకలు పగిలాయి. మిగిలిన వాటి మీద ఒక్క అక్షరం లేదు. నాలుగు రోజుల జవాబులూ కొట్టుకుపోయాయి. నేను అక్కడే కూలబడి ఏడ్చాను. ఆటోలోంచి నీళ్ల క్యాన్లు దించుకుంటున్న అన్న ఒకాయన వచ్చి, “వాన పడితే ఏడ్చేవాళ్లను ఈ చుట్టుపక్కల నేనెప్పుడూ చూడలేదమ్మా” అన్నారు. ఆ మాటకు తలెత్తి చూశాను. కొట్టు చూరు కింద అక్క వరుసగా బిందెలు పెట్టి ఉన్నారు. ఊరంతా పట్టుకుంటున్న నీళ్లను నేను నష్టంగా లెక్క వేసుకుంటున్నాను. ఆ అన్నకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను. నా పనిలో లోపం ఎక్కడుందో అంత సూటిగా ఎవరూ చూపించలేదు.

ఆ తర్వాత జరిగిందంతా వాళ్ల పనే. వెల్డింగ్ షాపు తమ్ముడు కడ్డీలు కోసి గోడను వాలుగా అతికించాడు. తాపీ మేస్త్రీ గారు పెంకులు కప్పినట్టు ఒక పలక అంచు మీదికి ఇంకో పలక వచ్చేలా పేర్చారు. రాసే వైపు లోపలికి, వాన పడే వైపు బయటికి. చివర సగానికి చీల్చిన పైపు, దాని కింద డ్రమ్ము. ఎనిమిదో రోజుకు గోడ కాస్తా పందిరి అయింది. బస్సు కోసం నిలబడేవారు నీడకని లోపలికి వచ్చి, తల పైకెత్తి చదివి, ఆ పైన రాశారు. పగిలిన ముక్కలను పిల్లలు ఏరి కింద పరిచారు.

విశ్రాంత సైన్సు మాస్టారికి ప్రత్యేకంగా చెప్పాలి. చాలా పలకల మీద ‘బోరు నీళ్లే, కాచి తాగుతున్నాం’ అని ఉండటం చూసి ఆయన రోజూ సాయంత్రం వచ్చి కూర్చున్నారు. కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదని, నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన దాంట్లో ఇంకా చిక్కబడుతుందని విసుగు లేకుండా చెప్పారు. రంగు పోల్చి చూసే కిట్టు తెచ్చి, ఎవరు సీసాలో నీళ్లు తెస్తే వారికి పరీక్ష చేసి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగవద్దని పలక మీదే రాసిచ్చారు. ఈ పనిలో అన్నిటికంటే అవసరమైన భాగం అదే, నా ఆలోచనలో అసలు లేనిది.

జర్మన్ కళాకారుడు జోసెఫ్ బాయిస్ 1982లో జర్మనీలోని కాసెల్ నగరంలో 7,000 చెట్లు నాటించే పని మొదలుపెట్టారు, ఒక్కో చెట్టు పక్కన ఒక్కో నల్లరాయి. 1986లో ఆయన పోయారు. మరుసటి ఏడు మిగిలినవాళ్లు ఆఖరి చెట్టు నాటారు. కాలేజీలో చదివినప్పుడు అది ఒక పాఠంగానే మిగిలింది. నా పని నా చేతిలోంచి జారి మరొకరి చేతిలో బాగుపడటం దర్శిలో కళ్లారా చూశాను.

పదకొండో రోజు మళ్లీ వాన పడింది. మొదటి నీళ్లు వదిలేసి డ్రమ్ము నింపాం. మాస్టారు పరీక్ష చేసి తలూపారు. ఆ సాయంత్రం బడి నుంచి వస్తున్న ఒక పాప మునివేళ్ల మీద నిలబడి రాసింది: ‘ఈ రోజు వాన నీళ్లు. ఖర్చు సున్నా.’ ఆ పలకను చెరపకుండా నా దగ్గర ఉంచుకున్నాను. పాప ఒప్పుకున్నాకే.

మిగిలిన పలకలన్నీ బడికి ఇచ్చేశాం. డ్రమ్ము, పైపు టీ కొట్టు చూరుకే బిగించాం. అక్కా, పదిహేను రోజుల టీ డబ్బులు మీరు ఎంత అడిగినా తీసుకోలేదు. వచ్చే ఆదివారం మళ్లీ వస్తున్నాను, ఈసారి కాదనకండి.