లా చదివే ఆ ముగ్గురు పిల్లలకి, మా విస్తర్ల షెడ్డు తరఫున

అందరికీ నమస్కారం.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. అడ్డాకుతో (అడవిలో పెరిగే అడ్డ తీగ ఆకు) విస్తర్లు కుట్టించి, ప్లేట్లు వేయించి అమ్మడం మా బతుకుతెరువు. ఏడాదికి పైగా మాకు కంటి మీద కునుకు లేకుండా చేసిన ఒక బాకీ 2025 మే నెలలో పూర్తిగా తేలిపోయింది. దానికి కారణం బరంపురంలో లా చదువుతున్న ముగ్గురు పిల్లలు. వాళ్ళకి ఒక చీర, ఒక చొక్కా గుడ్డ పెడదామంటే కూడా ఒప్పుకోలేదు. "మా చదువులో భాగమే కదా పిన్నీ" అని బస్సెక్కి వెళ్ళిపోయారు. కనీసం నలుగురికీ తెలిసేలా చెప్పుకోకపోతే నా మనసు ఊరుకోదు. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

మాది చిన్న షెడ్డు. రెండు ప్రెస్ మెషిన్లు, కుట్టడానికి వచ్చే ఆరుగురు ఆడవాళ్ళు, మా వారు, నేను. కొండల మీంచి సవర గిరిజన ఆడవాళ్ళు సంతకి ఆకు తెస్తారు. ఆకు కొని, ఎండబెట్టి, బరువు కింద అణిచి, మళ్ళీ నీళ్ళు చిలకరించి మెత్తబడ్డాక వెదురు పుల్లతో కుట్టాలి. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, థర్మాకోల్ ప్లేట్లు నిషేధించాక మా సరుకుకి గిరాకీ పెరిగింది. ఆ ఆశతోనే అప్పు చేసి రెండో మెషిన్ తెచ్చుకున్నాం.

అప్పుడే విశాఖపట్నం వైపు నుంచి ఒక హోల్‌సేల్ వ్యాపారి తగిలాడు. మొదట్లో డబ్బులు చక్కగా ఇచ్చాడు. 2023 కార్తీకం నుంచి 2024 మాఘం వరకు పెళ్ళిళ్ళ కోసమని నాలుగు లోడ్లు తీసుకున్నాడు. మొత్తం 2,86,400 రూపాయలు. ఒక్క రూపాయి రాలేదు. ముందు "వచ్చే నెల సర్దుతాను" అన్నాడు. తర్వాత "పార్టీ నుంచి నాకే రాలేదు" అన్నాడు. ఆఖరికి "మీరు జీఎస్టీ బిల్లు ఇవ్వలేదు, నా లెక్కల్లో ఎలా చూపించను" అని తప్పు మా మీదకే తోసేశాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు.

ఆకు తెచ్చిన వాళ్ళకి సంతలో మొహం చూపించలేకపోయాను. వాళ్ళు అడగరు. పక్కకి వచ్చి ఊరికే నిలబడతారు. ఆ నిలబడటమే నేను తట్టుకోలేకపోయాను. చెవి దుద్దులు కుదువ పెట్టి వాళ్ళ బాకీ తీర్చాను. తెలిసిన వాళ్ళని సలహా అడిగితే, "అతను ఆంధ్రాలో, మీరు ఒడిశాలో. కేసు వెయ్యాలంటే అక్కడికే తిరగాలి, వచ్చేది లాయరుకే సరిపోతుంది" అన్నారు. మేము కూడా అదే నమ్మి వదిలేసుకున్నాం.

2024 డిసెంబరులో మా మహిళా సంఘం మీటింగుకి న్యాయ అవగాహన అంటూ ఈ పిల్లలు వచ్చారు. ఒకమ్మాయి మా ఊరి పిల్లే. ఇంకో అమ్మాయిది ఇచ్ఛాపురం. అబ్బాయి ఒడియా పిల్లవాడు, నన్ను మావుసీ (పిన్ని) అని పిలిచేవాడు. చిన్న వ్యాపారాలు చేసే వాళ్ళకి కాగితాల్లో ఏమైనా ఇబ్బందులుంటే చెప్పమన్నారు. నేను మీటింగులో నోరు విప్పలేదు. అయిపోయాక మా ఊరి అమ్మాయిని పక్కకి పిలిచి చెప్పాను. మర్నాడు ముగ్గురూ షెడ్డుకి వచ్చేశారు.

ఆ మొదటి రోజు వాళ్ళు నాకు చట్టం గురించి ఒక్క ముక్క చెప్పలేదు. మూడు గంటలు నేను చెప్పింది విన్నారు. మధ్యలో ఆడవాళ్ళ పక్కన కూర్చుని కుట్టడం చూశారు, పుల్ల చేత్తో పట్టుకుని ప్రయత్నించారు. ఇచ్ఛాపురం అమ్మాయికి వేలు గుచ్చుకుంది. విస్తరికి ఎన్ని ఆకులు పడతాయి, కట్టకి ఎన్ని, ప్రెస్ ప్లేటుకి అట్ట వేస్తారా ఆకు మీద ఆకేనా, లారీలో ఎక్కించేటప్పుడు ఎవరు లెక్క పెడతారు, అన్నీ రాసుకున్నారు. ఇవన్నీ ఎందుకమ్మా అంటే, "ఏం సరుకు ఇచ్చారో మాకే అర్థం కాకపోతే అవతలి వాళ్ళకి ఏం రాస్తాం పిన్నీ" అంది మా ఊరి పిల్ల.

మా దగ్గర సరైన బిల్లు పుస్తకం కూడా లేదు. ఒక పసుపు గుడ్డ సంచిలో చీటీలు, లారీ వాళ్ళ రసీదులు, బ్యాంకు పాసుబుక్కు, కరెంటు బిల్లులు అన్నీ కలిపి కుక్కి ఉంచాను. సిగ్గేసింది. ఆ పిల్ల సంచిని నేల మీద బోర్లించి, తేదీల వారీగా కాగితాలు వరసలు పెట్టింది. ఫ్యాన్ గాలికి ఎగురుతుంటే ఒక్కో వరస మీద ఒక్కో విస్తర్ల కట్ట పెట్టింది. సాయంత్రానికి నాలుగు వరసలు, నాలుగు లోడ్లు. మూడో లోడుకి లారీ రసీదు దొరకలేదు. ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకి మా వారితో పాటు అబ్బాయి వెళ్ళి నకలు రాయించుకొచ్చాడు. వాట్సాప్‌లో ఆ వ్యాపారి "సరుకు అందింది, బాగుంది" అని పెట్టిన మెసేజులు ఒక్కటి కూడా చెరపొద్దని, ఫోన్ మార్చొద్దని గట్టిగా చెప్పారు. వాటి ప్రింట్లతో పాటు, అవి ఆ ఫోన్‌లోవేనని ఒక సర్టిఫికెట్ కూడా జత చెయ్యాలట. కొత్త సాక్ష్య చట్టంలో 63వ సెక్షన్ అదేనని చెప్పారు.

వారం తర్వాత మళ్ళీ వచ్చినప్పుడు చెప్పిన మాట విని నేను కాసేపు నమ్మలేదు. చిన్న పరిశ్రమల కోసం 2006లో ఒక చట్టం వచ్చిందట. సరుకు తీసుకున్నవాడు, రాతపూర్వకంగా గడువు ఒప్పుకుంటే ఆ గడువులోగా, అది కూడా 45 రోజులు దాటకుండా, ఏమీ రాసుకోకపోతే 15 రోజుల్లోగా డబ్బు కట్టాలి. కట్టకపోతే రిజర్వు బ్యాంకు రేటుకి మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. అప్పటి బ్యాంకు రేటు 6.75 శాతం కాబట్టి మాకు రావలసింది 20.25 శాతం. వాళ్ళలో ఒకమ్మాయి ఒక్కో లోడుకి ఒక్కో నెలకి లెక్క వేసి, తెల్ల కాగితం మీద చేత్తో పట్టిక రాసి తెచ్చింది. అప్పటికే వడ్డీ యాభై వేలు దాటింది.

వడ్డీ మాట కంటే నాకు కళ్ళనీళ్ళు తెప్పించింది ఇంకోటి. ఫిర్యాదు అమ్మినవాళ్ళు ఉన్న చోటే వేసుకోవచ్చట, కొన్నవాడు దేశంలో ఎక్కడున్నా సరే. అంటే ఆంధ్రా వ్యాపారి మీద మేము, ఇలాంటి బాకీలు తేల్చే ఒడిశా కౌన్సిల్‌లోనే అడగొచ్చు. మహేంద్రతనయ నది అవతల ఒక చట్టం, ఇవతల ఒక చట్టం అనుకుని ఏడాది పోగొట్టుకున్నాం. సరిహద్దులో వ్యాపారం చేసే వాళ్ళందరూ ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకోండి.

2021లో మొదటి మెషిన్ అప్పు కోసం బ్యాంకు వాళ్ళు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు) చేయించమంటే చేయించి, ఆ కాగితం దేవుడి పటం వెనక పెట్టి మర్చిపోయాం. అదే మమ్మల్ని కాపాడింది. సరుకు పంపక ముందే రిజిస్ట్రేషన్ ఉండాలని సుప్రీంకోర్టు కూడా 2021లోనే చెప్పిందట. ఇంకా చేయించుకోని వాళ్ళుంటే ఇవాళే చేయించుకోండి. ఆన్‌లైన్‌లో పైసా ఖర్చు లేదు. ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి. కాకపోతే సరుకు తయారు చేసేవాళ్ళకీ, సేవలు అందించేవాళ్ళకీ ఈ బాకీల రక్షణ ఉంది గానీ కొని అమ్మే దుకాణాలకి లేదని కూడా చెప్పారు.

జీఎస్టీ సంగతి తేల్చింది ఒడియా అబ్బాయి. మనం అడ్డాకు అనేదాన్ని వాళ్ళు సియాళి అంటారు. విస్తరిని ఖలి అంటారు. 2018 జులైలో పన్ను తీసేసిన వస్తువుల జాబితాలో 'ఖలి దొనా' అనీ, సియాళి ఆకులతో చేసిన సరుకు అనీ పేరు పెట్టి రాసి ఉందట. "మావుసీ, మా అమ్మమ్మ వాడే మాట ప్రభుత్వం కాగితంలో ఉంది" అని ఆ పిల్లవాడు ఫోన్ పట్టుకుని షెడ్డంతా తిరిగాడు. ఏ మాట అడ్డం పెట్టి ఆ వ్యాపారి మా నోరు మూయించాడో, ఆ మాట అక్కడితో తేలిపోయింది.

నోటీసు మొదట ఇంగ్లీషులో రాసి తెచ్చారు. చదివి వినిపించారు. నాకు అర్థం కాలేదని చెప్పాను. మా ఊరి అమ్మాయి అప్పటికప్పుడు కూర్చుని మొత్తం తెలుగులో, మనం మాట్లాడుకునే తెలుగులో రాసింది. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. ఆ పిల్ల రాసిన కాగితం చదువుతుంటే నాకు ఆయనే గుర్తొచ్చారు. నా బాకీ గురించి రాసిన కాగితం నేనే చదువుకుని, ఒక చోట లెక్క తప్పుంటే నేనే దిద్దించి, తర్వాత సంతకం పెట్టాను. తెలుగు ప్రతి, ఇంగ్లీషు ప్రతి రెండూ కలిపి స్పీడ్ పోస్టులో పంపాం.

లా విద్యార్థులు కోర్టులో వాదించకూడదు. లాయరుగా పేరు నమోదైన వాళ్ళే వాదించాలి. అందుకే వాళ్ళు రాసిన ప్రతి కాగితం వాళ్ళ కాలేజీ మేడమ్, ఇంకో లాయరు గారు చూశాకే నా దగ్గరికి వచ్చేది. మేడమ్ ఎర్ర పెన్నుతో కొట్టేసిన వాక్యాలు నేను చూశాను. మూడేళ్ళ కోర్సు వాళ్ళు పన్నెండు వారాలు, అయిదేళ్ళ కోర్సు వాళ్ళు ఇరవై వారాలు ఇలా బయట పని నేర్చుకోవాలని నియమం ఉందట. ఆ వారాల్లో కొన్ని మా షెడ్డులో, ఆకు దుమ్ములో గడిపారు. ఇంకోటి కూడా వాళ్ళ వల్లే తెలిసింది. ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవల సంస్థ ద్వారా ఉచితంగా లాయరు సాయం దొరుకుతుంది. ఇన్నేళ్ళు ఆ ఆఫీసు ముందు నుంచే సంతకి వెళ్ళాను.

నోటీసుకి జవాబు రాలేదు. జనవరిలో, చిన్న పరిశ్రమల బాకీల కోసం ప్రభుత్వం పెట్టిన సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు వేశాం. ఫారం నింపే రోజు నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ప్రతి గడిలో ఏం రాస్తున్నారో చెబుతూ, నన్నే బటన్ నొక్కమన్నారు. కౌన్సిల్ నుంచి అతనికి సమాచారం వెళ్ళింది. మార్చి రెండో వారంలో అతనే ఫోన్ చేశాడు. చిన్న పరిశ్రమలకి గడువులోగా డబ్బు కట్టకపోతే, కట్టేదాకా ఆ కొనుగోలుని ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపించుకోవడానికి వీల్లేదని నోటీసులో ఒక వాక్యం రాశారు. అది చదివి అతని ఆడిటరే తొందరపెట్టి ఉంటాడని మా వారంటారు.

రాజీకి వస్తానన్నాడు. అసలు మొత్తం, పైన వడ్డీ కింద 25,000 ఇస్తానన్నాడు. మేడమ్ నాకు రెండు వైపులా చెప్పారు. పూర్తి వడ్డీ అడిగే హక్కు మీకుంది, 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉన్నా ఇంకా ఆలస్యం కావచ్చు, నిర్ణయం మీదే అన్నారు. ఇది చెయ్యండి అని ఒక్కరు కూడా అనలేదు. ఆకు కొనే రోజులు దగ్గరపడుతున్నాయి, చేతిలో డబ్బు కావాలి, అందుకని ఒప్పుకున్నాను. రాజీ కాగితం రాసుకుని కౌన్సిల్‌కి పెట్టాం. సగం మార్చి ఆఖరులో పడింది, మిగతాది మేలో. దుద్దులు విడిపించుకున్నాను.

ఇప్పుడు మాకు అచ్చు వేయించిన బిల్లు పుస్తకం ఉంది. పైన ఉద్యమ్ నంబరు, కింద ఎన్ని రోజుల్లో కట్టాలో, సరుకు అందుకున్నవాళ్ళ సంతకానికి చోటు. దాని నమూనా గీసిచ్చింది ఇచ్ఛాపురం అమ్మాయే. మొన్న ఒక పాత ఖాతాదారు సంతకం ఎందుకమ్మా అన్నాడు. పెట్టాకే లోడు దించాం.

మేడమ్‌కి, లాయరు గారికి, ఈ పిల్లల్ని పంపిన కాలేజీ వాళ్ళకి చేతులెత్తి నమస్కారం. పిల్లల అమ్మానాన్నలకి కూడా.

అమ్మలూ, బాబూ, ఇది చదువుతారని తెలుసు. మీరు చీర వద్దన్నారు, చొక్కా వద్దన్నారు, సరే. రథయాత్రకి మా ఊరు వస్తామని మాటిచ్చారు కదా. ఆ రోజు భోజనం మా ఇంట్లోనే. మీ ముగ్గురి విస్తర్లూ నేనే కుట్టి పక్కన పెట్టాను.