విమానం రద్దయితే తొందరపడి ‘క్యాన్సిల్’ నొక్కొద్దు

సంపాదకుడు గారికి,

చవక టికెట్ల విమానం రద్దయిందని మెసేజ్ రాగానే చాలామంది కంగారులో యాప్‌లో తామే ‘క్యాన్సిల్’ నొక్కేస్తున్నారు. అది ప్రయాణికుడే రద్దు చేసుకున్నట్టు నమోదైతే ఛార్జీలు కోత పడతాయి. సంస్థ పంపిన లింకులోనే పూర్తి రీఫండో, మరో విమానమో ఎంచుకోవాలి. క్రెడిట్ షెల్ (డబ్బుకు బదులు తర్వాతి టికెట్‌కు వాడుకునేలా సంస్థ దగ్గరే ఉంచే మొత్తం) తీసుకోవడం మన ఇష్టం, బలవంతం లేదు.

పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం రద్దు సంగతి 24 గంటల ముందైనా చెప్పకపోతే రీఫండ్‌తో పాటు పరిహారమూ ఇవ్వాలి. ప్రయాణం గంటలోపైతే రూ.5,000, రెండు గంటల వరకు రూ.7,500, ఆపైన రూ.10,000. అయితే బేసిక్ ఫేర్, ఇంధన ఛార్జీ కలిపి అంతకన్నా తక్కువైతే ఆ తక్కువ మొత్తమే వస్తుంది. తుపాను వంటి సంస్థ చేతిలో లేని కారణాలకు ఇది వర్తించదు. అందుకే రద్దుకు కారణమేమిటో కౌంటర్లో రాయించుకోవాలి.

అసలు చిక్కు ఏజెంట్ టికెట్లతోనే. బుకింగ్‌లో ఏజెంట్ నంబరుంటే మెసేజ్ అటే పోతుంది. ‘మీ నంబరు మా దగ్గర లేదు’ అంటూ సంస్థ పరిహారం ఎగ్గొట్టడానికి ఆ ఒక్క సాకు చాలు. పీఎన్‌ఆర్‌లో మీ మొబైల్ నంబరు ఉందో లేదో బుక్ చేసిన రోజే చూసుకోండి. సంస్థ పలకకపోతే కేంద్ర పౌర విమానయాన శాఖ వారి ఎయిర్‌సేవా పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి.

శంషాబాద్, గన్నవరం విమానాశ్రయాల చెక్‌ఇన్ కౌంటర్ల దగ్గర ఈ నిబంధనలను తెలుగులో, పెద్ద అక్షరాలతో పెట్టించాలని అధికారులను కోరుతున్నాం.

– టికెట్ బుకింగ్ రంగంలో పనిచేస్తున్న పాఠకులు, విజయవాడ