కోట గోడ ఎక్కడిదాకా ఉండేదో రోడ్డు మీద ఒక్క గీత వేయించండి: మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,

నమస్కారాలు. మీ శాఖకు నేను రాస్తున్న ఆరో అర్జీ ఇది. ముందు ఐదూ కన్నడంలో రాయించి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. రసీదులన్నీ నా దగ్గరే ఉన్నాయి. ఒక్కదానికీ జవాబు రాలేదు. అందుకే ఈసారి నాకు బాగా వచ్చిన భాషలో, పదిమందీ చదివేలా రాస్తున్నాను.

బెంగళూరు కోట గురించి మీకు కొత్తగా చెప్పాల్సింది లేదు. 1537లో కెంపేగౌడ వేయించిన మట్టిగోడలూ, 1761లో హైదర్ అలీ రాతితో కట్టించిన కోటా అన్నీ మీ ఫైళ్లలో ఉన్నవే. ఇప్పుడు కంటికి కనిపించేది ఢిల్లీ గేటు, దాన్ని ఆనుకుని కొంత గోడ, లోపల చిన్న వినాయకుడి గుడి. ఆ మిగిలినదాన్ని కాపాడుతున్నారు, సంతోషం. నా బాధంతా పోయినదాని గురించి.

మా నాన్న అనంతపురం వైపు నుంచి బతుకుతెరువుకు ఇక్కడికి వచ్చి, ప్రతి శనివారం కోటె వెంకటరమణస్వామి గుడికి వెళ్లేవాడు. చెయ్యి పట్టుకుని వెంట నేను. గుడి పేరులో కోటె ఉంది, పక్కన హైస్కూలు పేరులో కోటె ఉంది, మరి కోట ఏదీ అని అడిగితే నాన్న చెప్పలేకపోయాడు. యాభై ఏళ్ల తర్వాత నా మనవడు అదే అడిగాడు. ఢిల్లీ గేటు దగ్గర వాడు పెద్ద తలుపుల మీది ఇనుప బొడిపెలు తడిమి చూసి, రాతి మీద చెక్కిన ఏనుగుల్ని లెక్కపెట్టి, గోడ వెంట నడుచుకుంటూ పోయి చివర ఆగిపోయాడు. "తాతా, గోడ ఇక్కడితో ఎందుకు అయిపోయింది?" ఎదురుగా బస్సులు, ఆటోలు, పూల బుట్టలు. ఏం చూపించను? ఇంగ్లీషు పలక ఒకటి ఉంది, 1791 మార్చి 21న బ్రిటిష్ సైన్యం ఈ గండిలోంచే దాడి చేసిందని. కోటను పడగొట్టిన చోటుకు గుర్తు ఉంది. కోట నిలబడిన చోటుకు మాత్రం లేదు. ఇది నాకు నిజంగా కడుపు మండే విషయం సార్.

నేను అడిగింది చాలా చిన్న పని. పాత గోడ వెళ్లిన దారి పొడుగునా రోడ్డులో, ఫుట్‌పాత్‌లో వేరే రంగు రాళ్లు ఒక వరస పొదిగించమన్నాను. పారిస్‌లో బాస్టీల్ కోటను 1789 నుంచి నేలమట్టం చేశారు. అది 14వ శతాబ్దపు కోట. ఈరోజుకీ అక్కడి కూడలిలో దాని ఆకారం రాళ్ల వరసగా నేల మీద కనిపిస్తుంది. చైనాలో షియాన్ నగరపు గోడ సుమారు 14 కిలోమీటర్లు, దాని మీద జనం సైకిళ్లు తొక్కుతారు. అంత దూరం ఎందుకు, వరంగల్‌లో కాకతీయుల మట్టికోట గట్టు ఇప్పటికీ ఊరి చుట్టూ తెలుస్తుంది. మన దగ్గర గోడ లేదు సరే, గీత అయినా ఉండకూడదా?

మొదటి అర్జీ 2021లో ఇచ్చాను. గోడను చూసే ఆఫీసులో "గోడ మాది, రోడ్డు మాది కాదు" అన్నారు. రోడ్లు చూసే ఆఫీసుకు వెళ్తే "పాత కట్టడాలు మాకు సంబంధం లేదు, వాళ్ల దగ్గర లెటర్ తెండి" అన్నారు. మళ్లీ మొదటి ఆఫీసుకు వెళ్తే "వాళ్లు అడిగితే ఇస్తాం, మీరు అడిగితే ఎలా ఇస్తాం" అన్నారు. ఇలా రెండేళ్లు తిరిగాను. దుకాణంలో లెక్కలు రాసే ఉద్యోగం నాది, వెళ్లిన ప్రతిసారీ పూట జీతం పోయేది. ఒకాయన మాత్రం కూర్చోబెట్టి కాఫీ ఇప్పించి, నా మ్యాప్ అంతా చూసి, ఏడాదిలో చేయిద్దాం అన్నారు. ఆ రోజు ఇంటికి వెళ్లి స్వీట్ పంచాను. మూడు నెలలకు ఆయనకు ట్రాన్స్‌ఫర్. కొత్తగా వచ్చినవారు ఫైలే లేదన్నారు. జిరాక్స్ ఇచ్చాను. అదీ కనపడలేదట. ఇంకొకటి ఇచ్చాను.

ఈలోగా ఆ రోడ్డును రెండుసార్లు తవ్వి పూడ్చారు. ఫుట్‌పాత్‌కు కొత్త రాళ్లు పరిచారు. మేస్త్రీలు రాళ్లు పరుస్తుంటే పక్కనే నిలబడి చూశాను. ఆ రోజే ఒక వరస రంగు మార్చి ఉంటే అదనంగా ఏం ఖర్చయ్యేది సార్? మెట్రో తవ్వకాల్లో పాత ఫిరంగులు బయటపడ్డాయి. కోట మన కాళ్ల కిందే ఉందని ఆ మట్టే చెప్పింది కదా. ఇంకా ఎవరు చెప్పాలి?

దయచేసి రెండు ఆఫీసులవాళ్లనూ ఒక్కచోట కూర్చోబెట్టండి. మీ చేత కాదని నేను అనుకోవడం లేదు. కాదంటే కాదని ఒక కాగితం మీద రాసి పంపండి, అదైనా పంపండి. వీలైతే ఏదో ఒక ఆదివారం ఉదయం, ట్రాఫిక్ మొదలు కాకముందే ఢిల్లీ గేటు దగ్గరికి రండి. మ్యాప్ నా దగ్గర ఉంది. ఆ గీత ఎక్కడెక్కడ పడాలో మీ ముందు నడిచి చూపిస్తాను. మా మనవణ్ని కూడా తీసుకొస్తాను.

ఇట్లు,
బళేపేట బట్టల దుకాణంలో లెక్కలు రాసే ఒక తెలుగువాడు,
బెంగళూరు