ఒకే వీధి, ఒకే కెమెరా, రెండు నేరాలు

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్‌కు పడమట, ఐటీ కంపెనీలకు రెండు మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక కాలనీలో ఇరవై రెండేళ్లుగా ఉంటున్నాను. ఈ ఏడాది సంక్రాంతి తరువాత మా వీధిలో మూడు వారాల తేడాతో రెండు నేరాలు జరిగాయి. ఆ రెండింటి పట్ల మా వీధివాళ్లం నడుచుకున్న తీరులో ఉన్న తేడా నన్ను నిద్రపోనివ్వడం లేదు కనుక ఈ లేఖ రాస్తున్నాను.

మొదటిది గొలుసు దొంగతనం. తెల్లవారుజామున ముగ్గు వేస్తున్న మా ఎదురింటావిడ మెడలోంచి మూడు తులాల పుస్తెలతాడును బైకు మీద వచ్చిన ఇద్దరు తెంపుకుపోయారు. తాడు ఒరుసుకుని మెడ మీద పడిన ఎర్రటి గీత వారం దాకా మానలేదు. అరగంటలో పోలీసులు వచ్చారు, కిరాణా కొట్టు మూల మీద కాలనీ సంఘం పెట్టించిన కెమెరా ఫుటేజీని అప్పటికప్పుడే తీసి చూశారు, సాయంత్రానికి వీధిలో ఆమెను పలకరించని ఇల్లు లేదు. మరో నాలుగు కెమెరాలు కొనాలని సంఘం ఆ ఆదివారమే తీర్మానించింది, చందా ఇచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇదంతా జరగవలసిన విధంగానే జరిగింది.

రెండోది మా పైపోర్షన్‌లో అద్దెకుంటున్న మణిపూర్ అమ్మాయికి జరిగింది. మరో ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి ఉంటూ ఒక బ్యూటీ పార్లర్‌లో పనిచేసే ఆ అమ్మాయి, పార్లర్ మూసేశాక షేర్ ఆటోలో వచ్చి, రాత్రి పదిన్నరకు మెయిన్ రోడ్డు మీద దిగి మా గేటు దాకా నడిచి వస్తుంది. కిరాణా కొట్టు మెట్ల మీద కూర్చునే కుర్రాళ్లు ఈశాన్య రాష్ట్రాలవాళ్లను ముఖం చూసి ఎగతాళి చేసే 'చింకీ' అన్న మాటతో ఆమెను పిలవడం, 'మోమో' అని అరవడం, 'రేటెంత' అని అడగడం నెలల తరబడి సాగింది. ఒక రోజు ఆమె కిందికి వచ్చి, "ఆంటీ, ఈ మాటకు అర్థం ఏమిటి?" అని హిందీలో అడిగి, రోజూ తన చెవిన పడే ఒక తెలుగు మాటను తాను విన్నట్టుగా పలికి చూపింది. ఉచ్చారణ తప్పినా మాట ఏమిటో తెలిసింది. ముప్ఫై ఏళ్లు బడిలో తెలుగు చెప్పినదాన్ని, ఆ మాటకు అర్థం చెప్పడానికి నాకు నోరు రాలేదు. మంచి మాట కాదు, పట్టించుకోకమ్మా అని పంపేశాను. అలా అన్నందుకు ఈనాటికీ బాధపడుతున్నాను, ఎందుకంటే ఆ మరుసటి వారమే వాళ్లలో ముగ్గురు బైకు అడ్డం పెట్టి ఆమెను ఆపారు, ఒకడు చెంప గిల్లాడు, వెనక్కి తగ్గబోయి ఆమె మురుగు కాలువ గట్టు మీద పడింది.

అది జరిగింది కూడా ఆ కెమెరా కిందే. మర్నాడు ఉదయమే ఫుటేజీ అడిగితే, పోలీసుల నుంచి కాగితం తెస్తేనే ఇస్తామని సంఘం పెద్దలు అన్నారు. స్టేషన్‌కు వెళితే ఎఫ్ఐఆర్ కట్టకుండా తెలుగులో ఒక పిటిషన్ రాయించి, ఆ భాష చదవలేని పిల్ల చేత సంతకం పెట్టించుకుని, పిలిచి మందలిస్తామన్నారు. కేసు లేదు కనుక కాగితం లేదు, కాగితం లేదు కనుక ఫుటేజీ లేదు. పదిహేను రోజులు గడిచేసరికి పాత రికార్డింగు దానంతట అదే చెరిగిపోయింది. ఈలోగా ఆమెకు ఎదురైన ప్రశ్నలు వేరు: అంత రాత్రి దాకా ఏం పని, అది పార్లరా మసాజ్ సెంటరా, ఆ బట్టలేమిటి? నన్నయితే, వాళ్లకు ఇల్లెందుకు ఇచ్చారని అడిగారు. ఎదురింటావిడను మాత్రం, చీకటి విడవకముందే మూడు తులాలు మెడలో వేసుకుని బయటికి ఎందుకు వచ్చావని ఎవరూ అడగలేదు. అడగకూడదు కూడా.

చట్టం ఈ రెండు నేరాలను మా వీధి తూచినట్టు తూచడం లేదు. ఐపీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో గొలుసు లాగడం వంటి నేరానికి 304వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. స్త్రీ గౌరవానికి భంగం కలిగించే ఉద్దేశంతో ఆమె మీద చెయ్యి వేస్తే 74వ సెక్షన్ కింద ఏడాదికి తక్కువ కాకుండా ఐదేళ్ల దాకా జైలు. చెయ్యి వేయకుండా ఆ ఉద్దేశంతో మాటలతో, సైగలతో అవమానించినా 79వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా పడవచ్చు. ఇలాంటి ఫిర్యాదును మహిళా పోలీసు అధికారి గానీ మరో మహిళా అధికారి గానీ నమోదు చేయాలని, ఎఫ్ఐఆర్ ప్రతిని ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. ఈ సంగతి నాకు ముందే తెలిసి ఉంటే ఆ రోజు స్టేషన్‌లో అంత మెత్తగా మాట్లాడి ఉండేదాన్ని కాదు.

ఆకతాయిల బెడద ఆడపిల్లలందరికీ ఉన్నదే కదా, దీనికి జాతి రంగు పులమడం ఎందుకని సంఘంలో ఒకరు నాతో వాదించారు. మా వీధి చివర హాస్టల్‌లో ఉండే ఖమ్మం, నల్గొండ పిల్లలను కూడా ఆ కుర్రాళ్లు ఏడిపిస్తారు, నిజమే. అయితే ఆ పిల్లలను రేటు అడిగే ధైర్యం వాళ్లకు లేదు, ఎవరి అన్నో తమ్ముడో వస్తాడన్న భయం ఉంది. ఈ అమ్మాయి పినతల్లి కొడుకు పక్క వీధి హోటల్లో వంటవాడు. అతణ్ణీ 'చింకీ' అంటారు గానీ చెంప గిల్లరు. మొహం చూసి పరాయిదన్నారు, పరాయిది కనుక అడిగేవాళ్లు లేరనుకున్నారు, ఆడది కనుక చెయ్యి వేశారు. ఈ మూడింటిని విడదీసి చూస్తే జరిగింది అర్థం కాదు. బెంగళూరులో 2016 జనవరి 31 రాత్రి ఒక సూడాన్ యువకుడి కారు ఢీకొని ఒక మహిళ చనిపోతే, ఆ ప్రమాదంతో ఏ సంబంధమూ లేకుండా ఆ తరువాత అటుగా వచ్చిన టాంజానియా విద్యార్థినిని గుంపు పట్టుకుని కొట్టింది. తన బట్టలు చించారని ఆమె ఫిర్యాదు చేసింది. అక్కడా జరిగింది ఇదే.

'మీ ఊరికి పో' అని కూడా ఆ కుర్రాళ్లు అంటారట. 2023 మే నెలలో మణిపూర్‌లో చెలరేగిన హింసలో ఆ అమ్మాయి ఇల్లు కాలిపోయిందని, వెళ్లడానికి ఆమెకు ఊరే లేదని వాళ్లకు తెలియదు. వాళ్లకే కాదు, పైపోర్షన్ అద్దెకిచ్చిన నాకూ ఈ గొడవ జరిగేదాకా తెలియదు.

ఢిల్లీలోని లజపత్‌నగర్‌లో అరుణాచల్‌ప్రదేశ్ విద్యార్థి నిడో తానియాను జుట్టు చూసి ఎగతాళి చేసి, ఎదురు తిరిగినందుకు కొడితే, మర్నాడు అతను చనిపోయాడు. అది 2014 జనవరి. ఆ తరువాత కేంద్రం వేసిన బెజ్‌బరువా కమిటీ, జాతిని బట్టి చేసే దూషణలను శిక్షించేందుకు చట్టంలో ప్రత్యేక సెక్షన్లు చేర్చాలని అదే ఏడాది సిఫారసు చేసింది. పదేళ్ల తరువాత కొత్త న్యాయ సంహిత వచ్చినా అందులో ఆ సెక్షన్లు లేవు. జాతి, లింగం, పుట్టిన చోటు, భాష వంటి కారణాలతో ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది కలిసి చంపితే 103వ సెక్షన్, తీవ్రంగా గాయపరిస్తే 117వ సెక్షన్ ఉన్నాయి. ముగ్గురు కుర్రాళ్లు బైకు అడ్డం పెట్టి 'చింకీ' అని చెంప గిల్లితే అందులోని జాతి ద్వేషానికి చట్టంలో పేరు లేదు. అమెరికాలోని ఒలేథ్‌లో 2017 ఫిబ్రవరి 22న 'మా దేశం వదిలి పొండి' అని అరుస్తూ హైదరాబాద్‌కు చెందిన ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఒకడు కాల్చి చంపినప్పుడు, సగం ఇళ్ల పిల్లలు అమెరికాలోనే ఉన్న మా కాలనీ గడగడలాడిపోయింది. అది జాతి విద్వేష నేరమని అక్కడి ఫెడరల్ కోర్టు 2018లో హంతకుడికి జీవిత ఖైదు వేస్తే న్యాయం జరిగిందనుకున్నాం. అక్కడ మన పిల్లలకు కోరుకున్న ఆ గుర్తింపునే ఇక్కడ ఈ అమ్మాయికి కోరుతున్నాను.

చట్టం మారేదాకా ఆగనక్కరలేని పనులు కొన్ని ఉన్నాయి. వీధిలో ఒక స్త్రీ వేధింపు గురించి నోటిమాటగా చెప్పినా సరే, ఆ రోజు ఫుటేజీని వెంటనే భద్రపరచి ఉంచాలని పోలీసు శాఖ కాలనీ సంఘాలన్నిటికీ ఆదేశం ఇవ్వాలి. 'నేను సైతం' కార్యక్రమం పేరిట పోలీసులు మా చేత కెమెరాలు పెట్టించినప్పుడు బంగారం కోసమే అని ఎవరూ చెప్పలేదు. ఆడపిల్లలను వేధించేవాళ్లను పట్టుకోవడానికి 2014 అక్టోబరులో మొదలైన పోలీసు బృందాలు షీ టీమ్స్ వల్ల కాలేజీల దగ్గర, బస్టాపుల దగ్గర వచ్చిన మార్పును కళ్లారా చూశాను. రాత్రి పది దాటాక పార్లర్ల నుంచి, హోటళ్ల నుంచి ఇళ్లకు చేరే ఈ అమ్మాయిలు షేర్ ఆటోలు దిగే చోట్లకూ ఆ బృందాలు మఫ్టీలో రావాలి. ఈశాన్య రాష్ట్రాలవారి కోసం ఢిల్లీ పోలీసులకు ప్రత్యేక విభాగం, 1093 సహాయ నంబరు ఉన్నాయి. మన స్టేషన్లలో కనీసం ఫిర్యాదుదారుకు అర్థమయ్యే భాషలో వాంగ్మూలం చదివి వినిపించాకే సంతకం తీసుకోవాలి.

ఆమె ఇల్లు ఖాళీ చేస్తానంది, నేనే ఆపాను. ఇప్పుడు ఆటో దిగగానే నాకు మిస్డ్ కాల్ ఇస్తుంది. నేను, పుస్తెలతాడు పోగొట్టుకున్న మా ఎదురింటావిడ టార్చి పట్టుకుని మెయిన్ రోడ్డు దాకా ఎదురు వెళుతున్నాం. మా ఇద్దరికీ అరవై దాటాయి, ఆవిడకు మోకాళ్ల నొప్పులు. వానలు మొదలైతే ఆ దారిలో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. ఆలోగా రాత్రి పదిన్నర ప్రాంతంలో ఒక్క పెట్రోలింగ్ వాహనం కిరాణా కొట్టు మీదుగా తిరిగేలా చూడాలని సంబంధిత పోలీసు అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
హైదరాబాద్