అప్పుడు కొట్టిపారేసిన సినిమాలకూ చోటివ్వండి

సంపాదకుల వారికి,

కొత్త సినిమా వచ్చిన రోజు మధ్యాహ్నానికే దానికి సమీక్షకులు రేటింగ్ ఇచ్చేస్తున్నారు. ఆ అంకె చూసి మా పిల్లలు టికెట్లు తీసుకోవడం మానేస్తున్నారు. నాకు బాధగా ఉంది.

2010 నవంబరులో ‘ఆరెంజ్’ వచ్చినప్పుడు సమీక్షకులు చాలామంది పెదవి విరిచారు. ప్రేమ ఎల్లకాలం ఒకేలా ఉండదని హీరోయే చెప్పడం చాలామందికి మింగుడుపడలేదు. మేం సెకండ్ షోకి వెళ్తే హాల్లో పట్టుమని ముప్పై మంది లేరు. అప్పటికి మాకు పెళ్లై ఏడాది. పక్కసీట్లోంచి నా భార్య మెల్లగా ‘నిజమే కదండీ’ అంది. ఆ ఒక్క మాట మీద ఇల్లు చేరేదాకా మాట్లాడుకుంటూ నడిచాం. ఆ సినిమా మాకు అప్పుడూ ఇష్టమే, ఇప్పుడూ ఇష్టమే.

2023లో రామ్‌చరణ్ పుట్టినరోజుకి మళ్లీ విడుదల చేస్తే హారిస్ జయరాజ్ పాటలకు కుర్రాళ్లు హాల్లో గొంతు కలిపారు.

సమీక్షలు రాయొద్దని అనను. అప్పట్లో కొట్టిపారేసిన సినిమాల గురించి పాఠకులు రాసుకునేందుకు మీ సినిమా పేజీలో వారానికోసారి కాస్త చోటివ్వండి. మొదటి ఉత్తరం నేనే రాస్తాను.

– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం